అన్న సమాధిలో కంచు గ్లాసు

పోయిన నెల లక్డారంలో మా పొలాన్ని ప్లాట్ల కోసం చదును చేస్తున్నప్పుడు జేసీబీ బకెట్‌లో మట్టితో పాటు ఒక గ్లాసు పైకి వచ్చింది. పొలం అమ్మిన కాగితాల మీద నా సంతకం కూడా ఉంది కాబట్టి ఇప్పుడు నేను ఆ భూమి గురించి కళ్ళు తుడుచుకుంటే ఎవరూ నమ్మరు, నేనే నమ్మను. మా అక్క కొడుకు నన్ను పటేల్‌గూడ నుంచి కారులో పిలిపించింది పొలం చూపించడానికి కాదు, గట్టు మీది మూడు సమాధుల కోసం. మా వైపు చాలామంది రైతుల ఇళ్ళలో మనిషిని కాల్చరు, సొంత చెలకలోనే పూడ్చి సమాధి కడతారు, దున్నేటప్పుడు నాగలిని కాస్త పక్కకు తిప్పుకుని పోతారు. కొన్నవాళ్ళు వాటిని ఊరి శ్మశానానికి మార్చుకోమన్నారు. నాన్న ఎముకలు దొరికాయి, అమ్మ ఎముకలు దొరికాయి, రెండూ తెల్లగుడ్డల్లో మూటలు కట్టాం. మూడో సమాధి మా అన్నది. అందులో ఎముకలు ఉండవని ఇంటివాళ్ళందరికీ తెలుసు, అందులో పెట్టినవాటి అసలు సంగతి మాత్రం ఇప్పుడు నాకొక్కడికే తెలుసు.

జేసీబీ నడిపేది నలభై ఏళ్ళ ఒడిశా మనిషి, పదేళ్ళుగా పటాన్‌చెరు చుట్టుపక్కలే పని చేస్తున్నాడట. గ్లాసును చూసి ఇంజను ఆపి దిగాడు. కిలుము పట్టి పచ్చబడిన దాన్ని ప్యాంటుకు తుడిచి, గోటితో మట్టి గీకి, వెలుతురుకు పట్టుకుని చూశాడు. "సాబ్, యే తో హమారా లిఖావట్ హై," అన్నాడు, ఇది మా రాత అని. తర్వాత ఒక్క ఊపిరిలో ఒక మనిషి పేరు, దాని కింద ఒక ఊరి పేరు చదివేశాడు. మా అక్క కొడుకు నవ్వి, "మా మామ పేరు గది కాదు, జెర మంచిగ సూడు," అన్నాడు.

ఆ పేరు మా అన్నది కాదన్న సంగతి నాకు యాభై ఏళ్ళకు పైగా తెలుసు. అది ఎవరిదో మాత్రం ఆ రోజే తెలిసింది.

మా అన్న నాకంటే ఆరేళ్ళు పెద్ద. సైకిలు మీద పటాన్‌చెరుకు పోయి బడి చదువు ముగించి, లెక్కల్లో మంచి చురుకు ఉండడంతో సికింద్రాబాదులో భర్తీ జరుగుతుంటే పోయి విమాన దళంలో చేరాడు. మా ఊళ్ళో అందరూ ఆయన విమానం నడుపుతాడనే అనుకునేవారు. సెలవుకు వచ్చినప్పుడు ఆయనే నవ్వుతూ విడమర్చి చెప్పేవాడు, అది బాంబులు వేసే పెద్ద విమానమని, అందులో ఆరుగురు ఉంటారని, తన పని వెనక కూర్చుని చెవులకు తగిలించుకున్న డబ్బాల్లోంచి వైర్‌లెస్ వినడమని, తన దగ్గర కిటికీ కూడా ఉండదు కాబట్టి ఇన్నిసార్లు ఎగిరినా పైనుంచి భూమి ఎలా ఉంటుందో తాను సరిగ్గా చూడనే లేదని. మా అమ్మకు ఆ మాట బాగా నచ్చింది. "కిటికీ లేకుంటేనే మంచిది బిడ్డా, తొంగి సూస్తే పడుదువు," అనేది. మా ఇంట్లో ఎన్నాళ్ళో నవ్వుకున్న మాట అది.

ఉద్యోగంలో చేరడానికి పోయేటప్పుడు అమ్మ ఆయనకు ఒక ఇత్తడి చెంబు ఇచ్చింది. నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో గిన్నె కొంటే పేరు వేయించకుండా ఇంటికి తెచ్చేవాళ్ళం కాదు. సంగారెడ్డిలో సామాన్ల దుకాణం ముందు ఒకాయన గోనెపట్టా మీద కూర్చుని, చిన్న ఉలి మీద సుత్తితో టకటక కొడుతూ చుక్క పక్కన చుక్క పెట్టి పేరు తేల్చేవాడు. పెళ్ళిళ్ళకూ బోనాలకూ ఊరంతా ఒకరి సామాన్లు ఒకరు తీసుకుపోయినా చివరికి ఆ చుక్కలే ఎవరి గిన్నెను వాళ్ళింటికి చేర్చేవి. మా అమ్మకు చదువు రాదు. అయినా వేలితో తడిమి, ఇన్ని చుక్కలుంటే నాది, ఇటు వంకర తిరిగితే నా తోడికోడలిది అని చెప్పేది. అన్న చెంబు మీద ఆయన పేరు, ఇంటిపేరు, ఊరి పేరు వేయించింది, పరాయి దేశంలో ఎవరన్నా ఎత్తుకుపోతే తిరిగి రావాలని. ఆమె లెక్కలో లింగంపల్లి స్టేషను దాటితే అంతా పరాయి దేశమే.

డెబ్బై ఒకటి యుద్ధంలో తంతి వచ్చింది. నేను పదో తరగతి అయిపోయి ఉన్నాను, ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలిగేది ఇంట్లో నేనొక్కడినే. విమానం దాడికి వెళ్ళి తిరిగి రాలేదని, మీ కుమారుడు కనిపించడం లేదని, చనిపోయి ఉంటాడని భావిస్తున్నామని అందులో ఉంది. నేను మొత్తం చదివి చెప్పాను, ఒక్క ముక్క దాచలేదు. అప్పటికి నాకు దాచడం రాదు. అమ్మ మాత్రం అందులో సగమే తీసుకుంది. "కనవడుతలేడంటే దొరుకుతడు. మన బర్రె తప్పిపోయి మూన్నెల్లకు దొరకలే?" అంది. ఏడ్చిన ఆడవాళ్ళను ఇంటి ముందు నుంచి వెళ్ళగొట్టింది. మరికొన్నాళ్ళకు ఆరుగురూ యుద్ధంలో చనిపోయారని పెద్ద కవరులో కాగితం వచ్చింది. కాగితం ఎవరైనా రాస్తారంది. అన్నం వండినప్పుడల్లా ఆయన పళ్ళెంలో ఒక ముద్ద తీసి మూత పెట్టేది, తను తినేది కాదు. రోజూ పొద్దున పని వదిలేసి పటాన్‌చెరు సడక్ మీదికి నడిచిపోయి, పట్నం నుంచి వచ్చే బస్సులు చూస్తూ నిలబడేది. కంట్లో నీటి చుక్క లేదు, మాట లేదు, భుజాల ఎముకలు రవికలోంచి పొడుచుకొచ్చాయి. ఇట్లాగే ఉంటే ఈమె కూడా దక్కదని అందరం అనుకున్నాం.

ఆరు నెలల తర్వాత రైల్లో పెట్టె వచ్చింది. నేను, నాన్న పోయి లింగంపల్లి స్టేషనులో సంతకం పెట్టి తీసుకున్నాం. నల్ల రంగు వేసిన ఇనుప ట్రంకు, పైన అంటించిన కాగితం మీద మా అన్న పేరు, నెంబరు, మా ఊరు. బస్సు టాపు మీద వేసి పటాన్‌చెరు దాకా, అక్కడి నుంచి బండి మీద ఇంటి దాకా తెచ్చాం. దారి పొడవునా నాన్న దాని మీద చెయ్యి తీయలేదు.

నడింట్లో తాళం పగలగొట్టాం. ఒక ఊలు స్వెటరు, రెండు చొక్కాలు, ఒక జత బూట్లు, గడ్డం గీసుకునే సామాను, ఒక దువ్వెన, ఒక కంచు గ్లాసు. ఒక్క ఉత్తరం లేదు, ఒక్క ఫోటో లేదు. స్వెటరు ఎత్తి పట్టుకోగానే చేతులు ఎక్కువ పొడుగనిపించింది. బూటులో కాలు పెట్టి చూశాను. మా అన్నదీ నాదీ ఒకటే పాదం, సెలవుకు వచ్చినప్పుడల్లా ఆయన బూట్లు నేనే తొడుక్కుని ఊరంతా తిరిగేవాణ్ణి. ఈ బూటులో నా వేళ్ళ ముందు ఇంకా రెండు వేళ్ళ చోటుంది. గ్లాసు మీద చుక్కలున్నాయి, కానీ ఆ చుక్కలు మన అక్షరాలు కావు. మనవాటిలాగే గుండ్రంగా ఉండి, ఒక్కొక్కటీ తల మీద గొడుగు పట్టుకున్నట్టుంది. పెట్టె మారిపోయింది. ఒకే విమానంలో పనిచేసేవాళ్ళు, పక్కపక్క మంచాలు, మంచాల కింద ఒకే రకం ట్రంకులు. ఆరుగురి సామాను ఒక్కసారి సర్దిన ఎవరి చెయ్యో ఎక్కడో తప్పింది. ఆ చేతిని నేనెప్పుడూ తప్పుపట్టలేదు.

చెప్పడానికి నోరు తెరిచాను. అంతలో అమ్మ గ్లాసును చేతిలోకి తీసుకుంది. చెంబు ఏమైందని అడగలేదు, చెంబు బరువని గ్లాసు కొనుక్కున్నట్టున్నాడంది. బొటనవేలు చుక్కల మీద మెల్లగా అటు నుంచి ఇటు జరిపింది. మళ్ళీ ఇటు నుంచి అటు. "పేరేపిచ్చుకున్నడు సూడు," అంది. అప్పుడు ఏడ్చింది. ఆరు నెలల ఏడుపు ఒక్కసారి వచ్చింది, గోడకు తల కొట్టుకుంటుంటే మా అక్క, చిన్నమ్మ పట్టుకోవలసి వచ్చింది. పొద్దు వంగేదాకా ఏడ్చి, లేచి మొహం కడుక్కుని, "పెట్టె వచ్చిందంటే ఇగ ఆయన రాడు. చేసేది చెయ్యిండ్రి," అని నాన్నకు చెప్పి, అన్నం కలుపుకుని తిన్నది. నేను బూటు చేతిలో పట్టుకుని అట్లాగే ఉన్నాను. నాన్న నా వైపు చూశాడు, బూటు వైపు చూశాడు. ఆయనకూ తెలిసిపోయింది. వాకిట్లోకి వచ్చాక నా పక్కన నిలబడి, "ఉండనియ్ రా. ఆమెకు ఏదో ఒకటి దొరికింది," అన్నాడు. ఆ తర్వాత చనిపోయేదాకా మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

శవం లేని చావుకు ఏం చెయ్యాలో మా ఇళ్ళలో కర్మలు చేయించే జంగమయ్య చెప్పాడు. జొన్నదంట్లతో మనిషి బొమ్మ కట్టి, దానికి ఆ చొక్కా, ఆ స్వెటరు తొడిగాం. చేతులు పొడుగైతే నేనే మడిచాను. కాళ్ళ దగ్గర బూట్లు పెట్టాం. విభూతి పూసి, పూలేసి, ఊరంతా తలా ఒక పిడికెడు మట్టి వేసింది. బాంబుల విమానంలో పోయిన మా ఊరి పిల్లవాడని చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు. గుంటలోకి చూస్తూ నేను, ఈయనెవరో, ఈయనకు అమ్మ ఉందో లేదో అనుకున్నాను. ఆ ఒక్కసారే అనుకున్నాను, తర్వాత అనుకోకుండా ఉండడం నేర్చుకున్నాను.

గ్లాసును మాత్రం అమ్మ పూడ్చనివ్వలేదు. దాంట్లోనే నీళ్ళు, దాంట్లోనే చాయ. పడుకుంటే తల దగ్గర ఉండాలి. పెత్రామాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు ఆ గ్లాసుతోనే నీళ్ళు విడిచేది. ఇంటికి ఎవరొచ్చినా చేతికిచ్చి, చూడండి నా కొడుకు పేరు అనేది. చదువొచ్చినవాళ్ళు చూసి, ఏదో హిందీయో మిలట్రీ రాతో అనుకుని తలూపి తిరిగిచ్చేవారు. ఆగస్టు పదిహేనుకు బడిలో జెండా ఎక్కించి అన్న గురించి నన్ను రెండు ముక్కలు మాట్లాడమనేవారు. మాట్లాడేవాణ్ణి. ఎదురుగా బెంచీ మీద అమ్మ ఒళ్ళో గ్లాసు పెట్టుకుని కూర్చునేది.

ఇంతవరకూ చెప్పింది వింటే నన్ను ఎవరూ తప్పుపట్టరేమో. అమ్మ బతకడం కోసం చెప్పిన అబద్ధం, అందులోనూ నాన్న మాట. దాని తర్వాతిది వేరే.

ఐదారేళ్ళకు నాకు పటాన్‌చెరు దారిలోని ఒక పెద్ద కార్ఖానాలో టర్నరుగా ఉద్యోగం దొరికింది. పక్క లేతు మీద ఒడిశా నుంచి వచ్చిన ఒకాయన పనిచేసేవాడు. మంచి మనిషి, నాకు మైక్రోమీటరు పట్టుకోవడం సరిగ్గా నేర్పింది ఆయనే. ఒక రోజు క్యాంటీనులో భోజనం చేస్తూ ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం విప్పి బల్ల మీద పెట్టుకున్నాడు. తల మీద గొడుగులున్న అక్షరాలు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ సాయంత్రం గ్లాసు తెచ్చి ఆయనకు చూపిస్తే నిమిషంలో పని అయిపోయేది, ఊరూ పేరూ తెలిసేవి, ఒక కార్డు ముక్క రాస్తే సరిపోయేది. నేనేం చేశానంటే, మర్నాటి నుంచి క్యాంటీనులో ఆయన పక్కన కూర్చోవడం మానేశాను. ఏమైందని ఆయన రెండుసార్లు అడిగాడు, కడుపులో బాగుండడం లేదన్నాను. పన్నెండేళ్ళు పక్కపక్కన పనిచేశాం. ఆయన రిటైరై ఊరికి పోయేటప్పుడు దండ వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ కాలంలో మా పల్లెల్లో ఆ రాత చదివే దిక్కు లేదని చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. దిక్కు నాకు మూరెడు దూరంలో లేతు తిప్పుతుండేది.

చెబితే గ్లాసు పోతుంది, గ్లాసు పోతే అమ్మ మళ్ళీ సడక్ మీదికి పోయి నిలబడుతుంది, అదీ నా భయం. నిజమైన భయమే. కానీ అమ్మ కూడా పోయింది. అన్న పోయిన ఇరవై ఏళ్ళకు, ఒక ఎండాకాలం, మూడు రోజుల జ్వరంతో పోయింది. గ్లాసు పెద్దకొడుకు సమాధిలో పెట్టమని ముందే చెప్పి ఉంచింది. అన్న సమాధిని సిమెంటుతో తిరగకట్టిస్తున్నాం కాబట్టి మేస్త్రీని పక్కకు జరగమని, నా చేతులతో నేనే గ్లాసును లోపల పెట్టి మట్టి కప్పాను. అమ్మ కోరిక అని అందరికీ చెప్పాను. నిజానికి అది నా కళ్ళ ముందు నుంచి పోవాలని నాకే ఉంది. ఇక భయపడడానికి ఎవరూ లేరు, అయినా రాయలేదు. ఇరవై ఏళ్ళు ఆలస్యమయ్యాక ఏమని రాయాలో తెలియలేదు, ముప్పై ఏళ్ళయ్యాక ఇంకా తెలియలేదు.

జేసీబీ ఆయన అట్లా వదిలే మనిషి కాదు. గ్లాసు కథ నేను సగం సగం చెప్పేసరికి, ఆ ఊరు తనకు తెలియదు కానీ కటక్ దగ్గరే అయి ఉంటుందని, అటు తన బావమరిది లారీ తోలుతాడని అప్పటికప్పుడు ఫోను కలిపాడు. వారం తిరిగేసరికి ఆదివారం నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని మా ఫ్లాటుకు వచ్చి, సోఫా చివర కూర్చుని, ఫోను టీపాయి మీద పెట్టి స్పీకరు వేశాడు. అటు వైపు గ్లాసు మీద పేరున్నాయన చెల్లెలు. డెబ్బై దాటిన గొంతు. ఆమె వాళ్ళ భాషలో చెప్పింది, ఈయన హిందీలో చెప్పాడు, నేను నా భాషలో విన్నాను.

పెట్టెలో ఇంకా ఏమున్నాయని ఆమె మొదట అడిగింది. స్వెటరు, చొక్కాలు, బూట్లు, దువ్వెన అని ఒక్కొక్కటే చెప్పాను. దువ్వెన ఏ రంగని అడిగింది. గుర్తు లేదన్నాను. వాళ్ళింటికి కాగితం వచ్చిందట, పెట్టె రాలేదట. వాళ్ళ అమ్మ కర్మ చేయనివ్వలేదట. సర్కారు గుండీతో సహా తిరిగి పంపుతుంది, పెట్టె పంపలేదంటే నా కొడుకు ఇంకా దాన్ని వాడుకుంటున్నాడని అనేదట. పళ్ళెంలో అన్నం తీసిపెట్టేదట. ఇరవై ఆరేళ్ళు తీసిపెట్టి, ఆయన వస్తే తలుపు తీయమని కోడలికి చెప్పి చనిపోయిందట. అమ్మ మాట దాటలేక తర్వాత కూడా ఎవరూ ఏమీ చెయ్యలేదట.

ఆమె ఇంకో మాట చెప్పింది. జేసీబీ ఆయన కళ్ళు తుడుచుకుని చెప్పాడు, "దువా దే రహీ హై సాబ్." మేము మా అన్నకు మట్టి ఇవ్వలేదు, మీరు ఇచ్చారు, ఏటేటా నీళ్ళు విడిచారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి అని ఆ ముసలావిడ నన్ను దీవిస్తోంది. తెలియక జరిగిందనే ఆమె అనుకుంటోంది. నాకు తెలుసమ్మా అని ఒక్క మాట అనాలి. దాని బదులు, వచ్చే నెల గ్లాసు తీసుకుని నేనే వస్తానన్నాను.

రైలు టికెట్టు తీశాను. చింతపండుతో తోమితే గ్లాసు మెరుస్తోంది, కిటికీ దగ్గర పెట్టాను. ఆయన పేరు ఇక్కడ రాయలేదు, వాళ్ళ చేతికి ముట్టాకే ఎవరైనా రాయాలి. నేను క్యాంటీనులో చోటు మార్చిన సంగతి ఆమెకు చెప్పడానికే పోతున్నాను. అంత దూరం పోయి మళ్ళీ చెప్పకుండా వస్తానేమోనని భయమేసి ముందు మీకు చెబుతున్నాను, నా ఈడువాళ్ళు కాబట్టి.

లక్డారం శ్మశానంలో అన్నకు కొత్త సమాధి కట్టాం. గ్రానైటు రాయి మీద పేరు కంప్యూటరుతో కోశారు, చాలా అందంగా వచ్చింది. దాని కింద పెట్టడానికి ఏమీ లేదు. ఏమీ లేకుండా పూడ్చబుద్ధి కాక సంగారెడ్డికి పోయి ఒక ఇత్తడి చెంబు తీసుకుని, పేరు వేయమన్నాను. దుకాణం ఆయన నన్ను కింది నుంచి మీది దాకా చూసి, "ఇప్పుడు ఎవలేపిస్తున్నరు పెద్దాయనా, మిషినే అమ్మేసినం," అన్నాడు. పేరు లేని చెంబునే పెట్టి మట్టి వేశాను. ఇప్పుడు పటాన్‌చెరు బస్టాండులో చాయ తాగుతూ నిలబడితే నాలుగు వైపుల నుంచి నాలుగు భాషలు వినపడతాయి, ఏ రాత చూపించినా చదివేవాడు దొరుకుతాడు, చదివించుకోవడానికే ఏ గిన్నె మీదా పేరు లేదు. అమ్మ వేయించిన ఆ చెంబు విమానంతో పాటు కాలిపోలేదనే నా నమ్మకం. మా అన్న పెట్టెలో అది మిగిలిన నలుగురిలో ఎవరింటికో చేరి ఉంటుంది. తోమి తోమి చుక్కలు అరిగినా మా ఊరి పేరు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. ఆ ఇంట్లో కూడా అది తమది కాదని తెలిసినవాడు ఒకడుండి, ఇన్నేళ్ళూ నోరు మూసుకుని ఉంటే, వాణ్ణి ఒక్క మాట అనడానికి నాకు నోరు లేదు.